ప్రయాణ సందేహాలు: లియోన్‌లో ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు

ప్రశ్న: మే నెలలో పిల్లల సెలవులకు ఫ్రాన్స్ వెళ్తున్నాం. ప్యారిస్‌లో మూడు రోజులు ఉండి తర్వాత లియోన్‌లో నాలుగు రోజులు ఉండాలనుకుంటున్నాం. మేమిద్దరం, 7, 12 ఏళ్ల పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. అన్నీ చూడాలని ఉంది కానీ ఎవరూ అలిసిపోకూడదు. రోజులు ఎలా సర్దుకోవాలి? — పాఠకురాలు, గుంటూరు

జవాబు: మంచి ఊరు ఎంచుకున్నారు. ప్యారిస్‌లో పిల్లల సగం ఓపిక వరసల్లో నిలబడటానికే పోతుంది. లియోన్‌లో ఆ బాధ చాలా తక్కువ. అయితే ఏయే చోట్లు చూడాలన్న జాబితా కంటే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. మీరు అక్కడ ఉండేది వారంలో ఏ రోజులు, మధ్యాహ్నం భోజనం ఎన్నింటికి, ఎక్కడ? ఫ్రాన్స్‌లో కుటుంబ ప్రయాణాలు చెడేది ఈ రెండింటి దగ్గరే.

గురువారం మధ్యాహ్నానికి చేరి సోమవారం పొద్దున బయల్దేరండి. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు. సోమవారం మ్యూజియాలూ చాలా భోజనశాలలూ ఉండవు. లలితకళల మ్యూజియానికి మాత్రం సెలవు మంగళవారం. మేలో ఇంకో చిక్కుంది. 1, 8 తేదీలు ప్రభుత్వ సెలవులు. క్రైస్తవుల అసెన్షన్ పండుగ గురువారం వస్తుంది కాబట్టి చాలామంది శుక్రవారం కూడా కలుపుకుని ఊళ్లు తిరుగుతారు. ఆ వారం హోటల్ గదుల రేట్లు పెరుగుతాయి, రైళ్లు నిండిపోతాయి. మే 1న అయితే ఊరంతా మూతపడినట్టే ఉంటుంది. ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి.

గురువారం సామాను గదిలో పడేసి ట్రామ్‌లో కాన్‌ఫ్లువాన్స్ మ్యూజియానికి వెళ్లండి. రోన్, సోన్ నదులు కలిసే కొసన ఉంటుంది. లోపల డైనోసార్, మామత్ అస్థిపంజరాలు ఉన్నాయి. ప్రయాణం బడలికలో ఉన్న పిల్లలకు మొదటి రోజు అంతకంటే పెద్ద కార్యక్రమం వద్దు.

శుక్రవారం పాత లియోన్‌కు. మెట్రో డి లైన్‌లో వ్యూ లియోన్ స్టేషన్‌లో దిగితే అక్కడే ఫునిక్యులర్ ఉంటుంది, అంటే కొండ మీదికి తాడుతో లాగే రైలు. అక్కడ రెండు ఫునిక్యులర్‌లు ఉన్నాయి. ఫూర్వియేర్ అని రాసినదే ఎక్కండి. కొద్ది నిమిషాల్లో బసిలికా అనే పెద్ద చర్చి గుమ్మం ముందు దింపుతుంది. మీ అత్తగారు ఒక్క మెట్టూ ఎక్కకుండా ఊరంతా చూడొచ్చు. దగ్గర్లోనే క్రీస్తుపూర్వం నాటి రోమన్ రంగస్థలం ఉంది. దాని రాతిమెట్లు ఎత్తుగా, అరిగిపోయి ఉంటాయి. ఆవిడను పైన కూర్చోబెట్టి పిల్లల్ని కిందికి పంపండి. కొండ దిగేటప్పుడు తోటలోంచి నడుద్దామని చాలామంది ఉబలాటపడతారు. మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఆవిడ మళ్లీ ఫునిక్యులర్‌లోనే దిగాలి.

పాత ఊళ్లో ట్రబూల్‌లు తప్పక చూడండి. ఇళ్ల అడుగునుంచి ఒక వీధిని ఇంకో వీధికి కలిపే దారులవి. పొడవైన దారి సెయింట్ జాన్ వీధి 54వ నంబరు తలుపు దగ్గర మొదలై బఫ్ వీధి 27 దగ్గర తేలుతుంది. తలుపు మూసి ఉంటే వెనక్కి తిరక్కండి. పక్కన గంటల పలకలో పేర్లు లేని మీట ఉంటే అది నొక్కి తలుపు తోయండి. చాలా తలుపులు పొద్దున పూటే తెరుచుకుంటాయి. లోపల జనం కాపురం ఉంటారు కాబట్టి పిల్లల్ని గొంతు తగ్గించమనండి. గులకరాళ్లు పరిచిన దారులు గనక మడమలు లేని, పట్టున్న చెప్పులు వేసుకోండి.

శనివారం పొద్దున క్రవా రూస్ కొండ. దాని సంగతి కింద ధర్మవరం పాఠకుడికి ఇచ్చిన జవాబులో చూడండి. ఆదివారం మొత్తం తెత్ దోర్ పార్కుకు ఇచ్చేయండి. 117 హెక్టార్ల పార్కు. చెరువూ పడవలూ గులాబీ తోటా ఉన్నాయి, జిరాఫీలున్న జంతుశాలకు కూడా టికెట్ లేదు. దుకాణాలు లేని రోజును ఇంతకన్నా బాగా వాడుకోలేం.

ప్రశ్న: పోయినసారి మూడు గంటలకు భోజనానికి వెళ్తే మూడు హోటళ్లలో లేదన్నారు. నాలుగో చోట నీళ్ల సీసాకే 7 యూరోలు వేశారు, తిన్నాక అరగంటైనా బిల్లు తేలేదు. మనవాళ్లమని చిన్నచూపా? — పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చిన్నచూపు కాదండీ. అక్కడి పద్ధతి ముందు తెలిస్తే ఈ మూడూ జరగవు.

వంటగది మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, రాత్రి 7 లేదా 7.30 నుంచి 10 దాకా. మధ్యలో పొయ్యి ఆర్పేస్తారు, వంటవాళ్లు ఇంటికి వెళ్తారు. 1.45కి లోపలికి వెళ్లినా తర్జనభర్జన పడుతూ కూర్చుంటే ఆర్డర్ తీసుకోరు. అందుకే 12.15కే కూర్చోండి. పిల్లలకు ఆ వేళకు ఆకలి కాకపోతే పొద్దున పలహారం తగ్గించండి. వేళ తప్పితే ‘సర్వీస్ కోంతిన్యూ’ అని బోర్డున్న బ్రాసరీ వెతకండి, రోజంతా వంట ఉంటుందని దాని అర్థం. రాత్రి 7 దాకా పిల్లలు ఆగలేరు. అక్కడి పిల్లలకు కూడా 4.30కి గూతే అని చిరుతిండి అలవాటు. బేకరీలో ఒక పా ఓ షొకోలా, అంటే లోపల చాక్లెట్ పెట్టి కాల్చిన రొట్టె, కొనిపెడితే రాత్రి భోజనం దాకా గొడవుండదు.

నీళ్ల సంగతి. ‘నీళ్లు’ అని ఊరికే అడిగితే సీసా తెస్తారు, దానికి డబ్బు పడుతుంది. ‘యూన్ కారాఫ్ దో’ అనండి. కుళాయి నీళ్లు కూజాతో తెచ్చిపెడతారు, దానికి పైసా తీసుకోరు. తాగడానికి మంచివే. రొట్టె కూడా ఉచితమే.

బిల్లు అడగకుండా తేవడం అక్కడ అమర్యాద, లేవమని చెప్పినట్టు. ‘లాదిస్యోఁ, సిల్ వూ ప్లే’ అని మీరే అడగాలి. ధరలోనే సర్వీస్ కలిసి ఉంటుంది. మరీ నచ్చితే ఒకటో రెండో యూరోలు బల్ల మీద వదలండి, తప్పనిసరి కాదు.

ఇంకో తికమక. మనం మెనూ అనేదాన్ని వాళ్లు ‘కార్త్’ అంటారు. వాళ్ల ‘మెన్యూ’ అంటే రెండు మూడు వంటకాలు కలిపి ఒక ధరకిచ్చే భోజనం. ‘ఆంత్రే’ అంటే ముందు తినే చిన్న వంటకం, ‘ప్లా’ అసలు వంటకం. వారంలో పనిరోజుల్లో మధ్యాహ్నం పెట్టే ‘ఫోర్ములె’ సుమారు 18 నుంచి 25 యూరోల మధ్య దొరుకుతుంది. అదే చోట రాత్రి చాలా ఎక్కువవుతుంది. కాబట్టి పెద్ద భోజనం మధ్యాహ్నం, రాత్రి తేలిగ్గా. చిన్న పిల్లలకు ‘మెన్యూ ఆంఫాఁ’ అడగండి.

అన్నిటికన్నా ముందు, గుమ్మంలో అడుగు పెట్టగానే ‘బోఁజూర్’ అని పలకరించండి. అది లేకుండా నేరుగా ‘ఐదుగురికి చోటుందా’ అని అడిగితే వాళ్ల ముఖం బిగుసుకుంటుంది. బూషోఁలనే లియోన్ సంప్రదాయ భోజనశాలలు చిన్నవి, బల్లలు మోచేతులు తగిలేంత దగ్గరగా ఉంటాయి. ఐదుగురైతే ముందే ఫోన్ చేసి చోటు చెప్పి ఉంచుకోవాలి.

ప్రశ్న: నేను మాంసం, చేప తినను. గుడ్డు పరవాలేదు. లియోన్ అంతా మాంసమే అంటున్నారు. నాకేం దొరుకుతుంది? — పాఠకురాలు, తిరుపతి

జవాబు: అన్నమాట నిజమే. బూషోఁ వంటల్లో పంది, ఎద్దు పేగులూ పొట్టా చాలా ఉంటాయి. ఆందూయెత్, తాబ్లియే ద సపర్ అన్న పేర్లు కార్త్‌లో కనబడితే ఆ వరస దాటేయండి. ఇంట్లో మాంసం తినేవాళ్లు కూడా ఆ వాసనకు సిద్ధపడే తెప్పించుకోవాలి.

‘వెజిటేరియన్’ అనే మాటను నమ్ముకోకండి. కొందరి దృష్టిలో చేప అందులోకి వస్తుంది. ‘నీ వ్యాండ్, నీ ప్వాసోఁ’ అనండి. మాంసం వద్దు, చేప వద్దు అని. కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా మేలు.

మీరు హాయిగా తినగలిగినవి చెబుతాం. సెర్వెల్ ద కాన్యూ పేరు చూసి హడలిపోవద్దు. ‘నేతగాడి మెదడు’ అని అర్థమేగానీ అందులో ఉన్నది గిలక్కొట్టిన తాజా చీజ్, ఉల్లికాడల్లాంటి ఆకు, వెల్లుల్లి, కాస్త నూనె, వెనిగర్. రొట్టె ముక్క మీద రాసుకుంటే మన పెరుగు పచ్చడిని తలపిస్తుంది. గ్రాతాఁ దోఫినువా అంటే పల్చగా తరిగిన బంగాళాదుంపల్ని మీగడలో ఉడికించి పైన ఎర్రగా కాల్చినది. లియోన్ సలాడ్‌లో ఆకుకూర, రొట్టె ముక్కలు, గుడ్డుతో పాటు పంది మాంసం ముక్కలుంటాయి. ‘సాఁ లార్దోఁ’ అంటే అవి వేయకుండా ఇస్తారు. గుడ్డు నీళ్లలో సగమే ఉడికించినది, పొడిస్తే పచ్చసొన ఆకుల మీదికి కారుతుంది. అది పడకపోతే ముందే చెప్పండి.

కెనెల్ దగ్గర జాగ్రత్త. పేరున్నది పైక్ చేపతో చేస్తారు, నాన్‌తువా సాస్ మంచినీటి రొయ్యలాంటి జీవితో. ‘కెనెల్ నాత్యూర్’ అనేది చేప లేకుండా రవ్వ లేదా పిండి, వెన్న, గుడ్డుతో చేసినది. అది దొరికినా పైన పోసే సాస్ ఏమిటో విడిగా అడగాలి, టొమాటో సాస్ అయితే సరే. ఉల్లిపాయ సూప్ చూడటానికి శాకాహారమే, కానీ ఉడికించేది తరచు ఎద్దు ఎముకల రసంలో. పప్పు సలాడ్‌లో కూడా పంది ముక్కలు కలుస్తాయి. చాలా సంప్రదాయ చీజ్‌లను దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. ఆ పట్టింపు ఉంటే సూపర్‌మార్కెట్‌లో అట్ట మీద చదివి కొనుక్కోండి.

తీపిలో గులాబీరంగు ప్రాలీన్ తార్త్ ఈ ఊరి గుర్తు. చక్కెర పాకం పట్టిన బాదం పప్పుల్ని మీగడతో కలిపి కాచి పోస్తారు. రంగు కోసం కొందరు ఈ120 వాడతారు, అది పురుగు నుంచి తీసేది. పట్టింపున్నవాళ్లు అడిగి కొనండి. పేరుమోసిన వంటవాడు పాల్ బొకూజ్ పేరు పెట్టిన కప్పున్న బజారు లియోన్ పార్ దియూ రైల్వే స్టేషన్‌కు నడక దూరమే. ఇవన్నీ అక్కడ ఒకే చోట ఉంటాయి. సోమవారం తెరవదు, ఆదివారం పొద్దున పూటే వెళ్లాలి.

ప్రశ్న: మాది పట్టు నేసే కుటుంబం. జకార్డు పుట్టిన ఊరు లియోనే అని విన్నాను. అక్కడ చూడదగ్గదేమైనా మిగిలిందా? — పాఠకుడు, ధర్మవరం

జవాబు: మిగిలింది, మీరు మాత్రం తప్పకుండా వెళ్లాలి. మీ మగ్గం మీద బిగించే ఆ పెట్టెకు పేరు ఇచ్చిన జోసెఫ్ మరీ జకార్డ్ 1752లో ఈ ఊళ్లోనే పుట్టాడు. 1804లో తన యంత్రాన్ని తెచ్చాడు. చిల్లులున్న అట్టల వరసే ఏ పడుగు పోగు లేవాలో చెప్పే పద్ధతి అది. క్రవా రూస్ కూడలిలో ఆయన విగ్రహం ఉంది.

హోతెల్ ద వీల్ స్టేషన్‌లో మెట్రో సి లైన్ ఎక్కండి. వాలు ఎక్కువ కాబట్టి పట్టాల మధ్య పళ్ల చక్రంతో ఎక్కే రైలది, పిల్లలు ఎగబడి కూర్చుంటారు. క్రవా రూస్‌లో దిగి ఇవ్రీ వీధిలోని మేజోఁ దే కాన్యూకు నడవండి. కాన్యూలంటే పట్టు నేతగాళ్లు. అక్కడ మగ్గం ఆడించి చూపిస్తారు. చూపించే వేళలు ముందే కనుక్కుని వెళ్లండి, వేళ తప్పితే మగ్గాన్ని ఊరికే చూసి రావాల్సొస్తుంది. మీరు గమనించాల్సింది ఇళ్ల కప్పులు. మీది గుంట మగ్గమైతే కాళ్ల కింద గుంట తవ్వుకుంటారు. వీళ్లు మేడ మీద నేశారు కాబట్టి ఆ చోటు కింద దొరకలేదు. జకార్డు నిలబెట్టడానికి గదుల్ని సుమారు 4 మీటర్ల ఎత్తున కట్టారు. వెలుతురు కోసం కిటికీలూ అంతే పొడవు. తర్వాత ఒక స్టేషన్ ముందుకు, ఎనోన్ దగ్గర, 1200 చదరపు మీటర్ల గోడ మీద ఈ పేట జీవితమే బొమ్మగా వేసి ఉంది. దూరం నుంచి అది గోడ అనిపించదు, నిజమైన మెట్లదారే అనిపిస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు రైలు వద్దు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం రైల్లోనే దిగాలి. కొల్‌బేర్ చౌక్ 9వ నంబరు దగ్గర లోపలికి వెళ్లి వొరాస్ ముంగిట్లో ఉన్న ఆరంతస్తుల రాతి మెట్ల వరస చూసి కిందికి దిగండి. నేసిన బట్ట వానకు తడవకుండా మోసుకెళ్లిన దారులవి. కూలి రేటు కోసం కాన్యూలు 1831లో తిరగబడ్డారు, 1834లో మళ్లీ.

ప్రశ్న: అక్కడ వండుకోవడానికి నెయ్యి, పచ్చి కరివేపాకు, పొడులు, ఊరగాయ తీసుకెళ్లవచ్చా? — పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నెయ్యి, పాలకోవా, పనీర్, ఎలాంటి మాంసమూ వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలనూ మాంసాన్నీ ఐరోపా యూనియన్ లోనికి రానివ్వదు, పట్టుబడితే తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు కూడా అంతే. కందిపొడి, కారప్పొడి, పులిహోర పులుసు, అటుకులు, కాయగూరల ఊరగాయ చాలు. ఊరగాయ చేతిసంచిలో పెడితే ద్రవం కింద లెక్కపెట్టి ఆపుతారు, పెద్ద సూట్‌కేసులోనే పెట్టండి. నెయ్యి లేని లోటు అక్కడి ఉప్పులేని వెన్న తీరుస్తుంది. బస చేసే అపార్ట్‌మెంట్‌లో కిటికీ తెరిచాకే పోపు వేయండి, ఎండుమిరప ఘాటుకు పొగ గంట మోగుతుంది.

ప్రశ్న: టికెట్ మీద ‘గార్ ద లియోన్’ అని ఉంది. అది లియోన్‌లోదా, ప్యారిస్‌లోదా? — పాఠకుడు, కరీంనగర్

జవాబు: ప్యారిస్‌లోదే. లియోన్ వైపు వెళ్లే రైళ్లు బయల్దేరే స్టేషన్ కాబట్టి ఆ పేరు. మీరు దిగాల్సింది లియోన్ పార్ దియూలో. ప్రయాణం సుమారు రెండు గంటలు. ప్లాట్‌ఫాం నంబరు బయల్దేరే ముందు ఇరవై నిమిషాలకు గానీ బోర్డు మీద పడదు, కంగారుపడకండి. పడ్డాక మాత్రం ఆలస్యం వద్దు, తలుపులు వేళకు రెండు నిమిషాల ముందే మూస్తారు. విమానం దిగి నేరుగా లియోన్ వెళ్లేవాళ్లు ప్యారిస్ ఊళ్లోకి రావక్కర్లేదు. షార్ల్ ద గోల్ విమానాశ్రయం రెండో టెర్మినల్ కిందనుంచే రైలుంది. విమానం దిగే వేళకూ రైలుకూ మధ్య మూడు గంటలు ఉంచండి, పాస్‌పోర్టు వరస ఎంత పొడవుంటుందో చెప్పలేం. పార్ దియూలో రైలు కొద్ది నిమిషాలే ఆగుతుంది. పిల్లల్నీ సామాన్నీ ఐదు నిమిషాల ముందే తలుపు దగ్గరికి చేర్చండి.