ఎరువుంది, వెలుతురు లేదు

ప్రశ్న: ఆగస్టులో గౌతమి పాయలోకి ఎర్రనీరు వస్తుంది. ఒండ్రుతో బోలెడు ఎరువు కొట్టుకొస్తుంది కదా, అయినా ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు) పెరగదు. సంక్రాంతి దాటాక కొత్తనీరు రాకపోయినా అదే పాయ గోధుమరంగుకి తిరుగుతుంది. ఎందుకని?
(ఆక్వా రైతు, తాళ్ళరేవు మండలం)

జవాబు: ఎరువు విషయంలో మీ లెక్క సరైనదే. వరదనీటిలో నైట్రేటుకీ సిలికాకీ కొదవుండదు. లేనిది వెలుతురు. నీటి తేటదనం చూడ్డానికి తాడుతో దించే, నలుపు తెలుపు రంగులేసిన సెకీ డిస్కు ఆ నీటిలో 15 సెం.మీ.కే కనుమరుగైందనుకోండి. ప్లాంక్టన్‌కి సరిపోయే వెలుగు సుమారు దానికి మూడు రెట్ల లోతుకే, అంటే అర మీటరులోపే ఆగిపోతుంది. పాయ లోతు 4 మీటర్లయితే, సుడులతో కిందికీ పైకీ తిరిగే కణానికి 12 గంటల పగటిలో వెలుగు దక్కేది గంటన్నరలోపే.

దానికి తోడు నీరు నిలవదు. డయాటమ్‌లు (నీటికి గోధుమరంగు తెచ్చే ప్లాంక్టన్) అన్నీ కుదిరితే రోజుకి ఒకటి రెండుసార్లు రెట్టింపవుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట గేట్లన్నీ ఎత్తి ఉన్నప్పుడు ఆ కాస్త వ్యవధి కూడా ఇవ్వకుండా ప్రవాహం వాటిని మొగ దాటించేస్తుంది. గేట్లు దించాక ఒండ్రు అడుగుకి దిగుతుంది, సముద్రపు ఉప్పునీరు పాయలో ఎగువకి ఎక్కుతుంది, పోటుకి వచ్చిన నీరు పాటుకి పోయి మళ్ళీ వస్తుంటుంది. అప్పుడు ఎరువు ఎక్కణ్ణుంచి అంటారా? ఒండ్రు రేణువులకి అంటుకున్న ఫాస్ఫేటు ఉప్పు తగిలితే కొంత వదులుతుంది. మడచెట్ల ఆకు కుళ్ళు ఉంది. మన చెరువుల నుంచి వదిలే నీళ్ళూ ఉన్నాయి, అది వేరే తలనొప్పి.

ప్రశ్న: సెకీ డిస్కుతో పాయనీటిలో ప్లాంక్టన్ అంచనా వేయొచ్చా?

జవాబు: డిస్కు ఒక్కటే నమ్ముకుంటే మోసపోతారు. చెరువులో 30 సెం.మీ. అంటే ప్లాంక్టన్ బాగుందనుకుంటాం, పాయలో అదే 30 బురద వల్ల కూడా రావచ్చు. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 లోపు, పడవ నీడ పడే వైపు, చలువ కళ్ళద్దాలు తీసి చూడండి. మాయమైన లోతు, పైకి లాగుతుంటే మళ్ళీ కనబడిన లోతు, రెండింటి సగటు తీసుకోండి. ప్రవాహానికి తాడు వాలితే లోతు ఎక్కువ చూపిస్తుంది, డిస్కు కింద బరువు కట్టాలి.

ప్లాంక్టన్ ఎంతుందో తేల్చేది సూక్ష్మదర్శినే. సీసాలో నీరు పట్టి, పలచని టీ రంగు వచ్చేవరకు లూగాల్ అయోడిన్ (కణాలు చెడకుండా ఉంచే ద్రావణం) చుక్కలు వేసి, చీకట్లో ఉంచి ల్యాబుకి పంపండి. వలతో పట్టకండి, 20 మైక్రాన్ల వల నుంచి కూడా చిన్న కణాలు జారిపోతాయి. వారం వారం పోల్చేటప్పుడు తిథి కూడా రాసుకోండి. అమావాస్య, పౌర్ణమి పెద్దపోటు అడుగు బురదను లేపుతుంది, అష్టమి ప్రాంతంలో నీరు తేరుకుంటుంది.