సెకండ్ హ్యాండ్ ఫోను పాత యజమాని ఖాతా అడుగుతుంటే

దేవరకొండలో తెలిసినవాళ్ల దగ్గర ఆండ్రాయిడ్ ఫోను కొన్నారు, రీసెట్ చేశాక పాత యజమాని జీమెయిల్ అడుగుతోంది, లాక్ తీయడానికి దుకాణంలో డబ్బు అడుగుతున్నారు, ఇవ్వాలా అని మీ ప్రశ్న. ఇప్పుడే ఇవ్వకండి. ముందు అమ్మినతనికి ఫోన్ చేయండి.

ఫోను పాడవలేదు. దొంగల కోసం పెట్టిన తాళం ఇది. ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ అంటారు, 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది. గూగుల్ ఖాతా, స్క్రీన్ లాక్ ఉన్న ఫోనును పవర్, వాల్యూమ్ బటన్లు నొక్కిపట్టి తుడిచేస్తే, మళ్లీ తెరిచేటప్పుడు పాత ఖాతా అడుగుతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, లాక్ నంబరు కొట్టి రీసెట్ చేస్తే మామూలుగా ఈ చిక్కు రాదు.

మా తమ్ముడు మిర్యాలగూడ రైస్ మిల్లులో పనిచేస్తాడు. అక్కడే పనిచేసే బీహార్ కుర్రాడి దగ్గర ఫోను కొన్నాడు. ఆ కుర్రాడు సొంతూరికి వెళ్లిపోయాక వీడు బటన్లతో రీసెట్ చేశాడు, మీకు వచ్చిన తెరే వచ్చింది. జీమెయిల్ పాస్‌వర్డ్ ఆ అబ్బాయికే గుర్తులేదు. కానీ అదే తెర మీద పాత ప్యాటర్న్ గానీ పిన్ గానీ కొట్టే దారి కూడా ఉంది, చాలామంది దాన్ని గమనించరు. ప్యాటర్న్ ఎలా చెప్పాలి మరి? ‘పై వరుసలో ఎడమ చుక్క, అక్కడి నుంచి కిందికి, ఆపైన కుడికి’ అంటూ అతను హిందీలో దిక్కులు చెబుతుంటే మా తమ్ముడు గీశాడు. తెరుచుకుంది. అంత దూరంలో ఉన్న మనిషి ఓపికగా చెప్పడం వల్ల పని అయింది గానీ, మేము మంత్రం వేసిందేమీ లేదు.

మీ అమ్మకందారుకు ప్యాటర్న్ కూడా గుర్తు లేకపోతే, తన నంబరుతో గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చుకోమనండి. మార్చిన వెంటనే పని చేయకపోవచ్చు, 24 గంటలు ఆగి ప్రయత్నించండి. తెరిచాక సెట్టింగ్స్‌లో ఆ ఖాతా తీసేసి, అక్కడి నుంచే మళ్లీ రీసెట్ చేయండి.

డబ్బులిస్తే తాళం తీస్తామనే దుకాణాలు నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గరా ఉంటాయి, మహబూబ్‌నగర్‌లోనూ ఉంటాయి. పాత ఫోన్లలో కొన్నిసార్లు తీయగలరు. ఆండ్రాయిడ్ 15 నుంచి మాత్రం తాళం గట్టిపడింది. మొదటి సెటప్‌ను ఎలాగో దాటించినా పాత ఖాతాతో ధ్రువీకరించేదాకా కొత్త ఖాతా చేర్చనివ్వదు, యాప్‌లు వేసుకోనివ్వదు. డబ్బిచ్చి సగం తెరిచిన ఫోను తెచ్చుకోవడం ఎందుకు?

అమ్మినతను అసలు దొరక్కపోయినా, మాట దాటేస్తున్నా దొంగ ఫోనేమోనని అనుమానించాల్సిందే. స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ డయల్ చేస్తే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోను గుర్తింపు సంఖ్య, వస్తుంది. ఇప్పుడు మీ ఫోనులో డయల్ కుదరకపోతే పెట్టె మీదో బిల్లు మీదో చూడండి. రెండు సిమ్‌ల ఫోనుకు రెండు ఉంటాయి. కేంద్రం నడిపే సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ‘నో యువర్ మొబైల్’ దగ్గర ఆ అంకెలు వేస్తే, బ్లాక్‌లిస్ట్‌లో ఉందో, నకిలీదో తెలుస్తుంది. పోగొట్టుకున్నవారు ఫిర్యాదు చేసి బ్లాక్ చేయించిన ఫోనయితే, తాళం తీసినా మన దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు. వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్‌కు ఐఎంఈఐ ఉండదు, దానికి ఈ పరీక్ష లేదు. అందుకే పాత ట్యాబ్‌లను నేను బిల్లు చూడకుండా ముట్టుకోను.

ఇంకోటి, మన జిల్లాల్లో ఈ మధ్య బాగా కనిపిస్తున్నది: వాయిదాల మీద కొన్న ఫోను, వాయిదాలు కట్టకముందే అమ్మేస్తారు. ఫైనాన్స్ వాళ్ల తాళం అందులో వేరే ఉంటుంది, రీసెట్ చేసినా తిరిగి వచ్చేస్తుంది. ‘ఈ పరికరం ఒక సంస్థ నిర్వహణలో ఉంది’ లాంటి మాట ఎక్కడ కనిపించినా, వాయిదాలు పూర్తయినట్టు కాగితం చూపించమనండి. చూపించకపోతే ఫోను తిరిగిచ్చి డబ్బు వెనక్కి అడగండి. తెలిసినవాళ్లని మొహమాటపడకండి.