మీరు ఎవరిగా వేదిక ఎక్కారు?

ప్రశ్న: మాది గుంటూరు. ఒక ప్రముఖ కథానాయకుడి పోలికలు ఉండటంతో పన్నెండేళ్లుగా ఆయన గెటప్‌లో తిరునాళ్లలో, పందిళ్లలో ప్రోగ్రాములు చేసుకుని బతుకుతున్నాను. విజయవాడకు చెందిన ఒక ఈవెంట్ నిర్వాహకుడు నాకు మూడు ప్రోగ్రాముల డబ్బు ఇవ్వాలి. 2023 ఫిబ్రవరి 18న శివరాత్రికి కోటప్పకొండలో ప్రభ దగ్గర స్టేజీ మీద చేసినదానికి 25 వేలు, అదే ఏడాది సెప్టెంబర్ 20న గుంటూరులో వినాయక పందిట్లో చేసినదానికి 50 వేలు, 2024 ఆగస్టులో విజయవాడలో బట్టల షాపు ప్రారంభానికి వెళ్లినదానికి 40 వేలు. కాగితం రాసుకోలేదు, మాటలన్నీ వాట్సాప్‌లోనే జరిగాయి. మొన్న ఫోన్ చేస్తే, ‘జనం వచ్చింది నీ ముఖం చూసి కాదు, ఆ హీరో ముఖం చూసి’ అన్నాడు. ఆ మాటకు నిద్ర పట్టడం లేదు. పాప ఫీజు కోసం నా భార్య గాజులు తాకట్టులో ఉన్నాయి. నన్ను అవమానించినందుకు కేసు వేయవచ్చా? దస్తావేజులు రాసే నా స్నేహితుడు 2023 నాటి స్టాంపు కాగితం సంపాదించి, అప్పుడే రాసుకున్నట్టు అగ్రిమెంట్ తయారు చేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ నిద్ర చెడగొట్టింది నిర్వాహకుడు అన్న ఆ ఒక్క మాట. మీ ఇద్దరి మధ్య ఫోనులో నడిచిన మాటను మూడో వ్యక్తి వినలేదు కాబట్టి, దాని మీద పరువునష్టం దావా నిలవదు. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి. మీ కేసును తేల్చేది వేరే ప్రశ్న: ఆ మూడు చోట్లా మీరు వేదిక ఎక్కింది హీరో పోలికలున్న కళాకారుడిగానా, లేక ఆ హీరోనే వచ్చాడని జనాన్ని నమ్మించడానికా?

భారత ఒప్పంద చట్టం 23వ సెక్షన్ ప్రకారం మోసం చేసే ఉద్దేశంతో కుదిరిన ఒప్పందం చెల్లదు. అలాంటి ఒప్పందం కింద పారితోషికం ఇప్పించమని అడిగితే, మీరు నిజంగా చెమటోడ్చి పనిచేసినా, ఆ మోసంలో మీకూ భాగముందని తేలితే కోర్టు మీకు చేయూతనివ్వదు. అవతలి న్యాయవాది మొదట పట్టుకునేది ఈ అంశాన్నే. అందుకే మీరు పంపిన వాట్సాప్ సందేశాలను ఈ దృష్టితోనే చదివాను.

కోటప్పకొండ విషయంలో మీకు భయం లేదు. ‘మన జూనియర్‌ని తీసుకొస్తున్నానని కమిటీకి చెప్పాను’ అని నిర్వాహకుడే రాశాడు. వినాయక పందిరి కరపత్రంలో హీరో పేరుకు ముందు ‘జూనియర్’ అని అచ్చయి ఉంది. వచ్చింది ఎవరో అందరికీ తెలిసినప్పుడు అందులో మోసం లేదు, మీ పారితోషికం న్యాయమైన బాకీ.

బట్టల షాపు సంగతి అలా లేదు. ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది మీ ఫొటో కాదు, అసలు హీరో ఫొటో. కింద ‘మీ అభిమాన కథానాయకుడు విచ్చేస్తున్నారు’ అని ఉంది, జూనియర్ అన్న మాట ఎక్కడా లేదు. ప్రారంభానికి రెండు రోజుల ముందే దాన్ని చూసి మీరు ‘ఫ్లెక్సీ అదిరింది అన్నా’ అని జవాబిచ్చారు. ఇంత అనుభవమున్న కళాకారుడు అలాంటి ఫ్లెక్సీ చూసిన వెంటనే ‘ఇది తప్పు, మార్చండి’ అని ఒక్క ముక్క రాయకపోవడం క్షమించలేని అజాగ్రత్త. వేరొకరినని నమ్మించి మోసం చేయడం భారతీయ న్యాయ సంహిత 319వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం. ఆ సంహిత 2024 జులై 1 నుంచే అమల్లో ఉంది, మీ ప్రోగ్రామ్ ఆ తరువాతిది. పైగా అనుమతి లేకుండా తన పేరును, రూపాన్ని వ్యాపారానికి వాడుకుంటే అసలు నటుడు కూడా కోర్టుకు వెళ్లవచ్చు. రజనీకాంత్ పిటిషన్ మీద 2015లో మద్రాసు హైకోర్టు, అనిల్ కపూర్ పిటిషన్ మీద 2023లో ఢిల్లీ హైకోర్టు అలాంటి వాడకాన్ని ఆపుతూ ఉత్తర్వులిచ్చాయి. మీకు పుట్టుకతో వచ్చిన పోలిక నేరం కాదు, ఆ పోలికతో మీరు బతకడమూ తప్పు కాదు. ఆ పోలికను అడ్డుపెట్టుకుని కొనుగోలుదారుల్ని ఏమార్చడమే తప్పు. కాబట్టి ఈ 40 వేలను ఇప్పుడు వేసే దావాలో కలపవద్దు. అది విడి ఒప్పందం. దానికి 2027 ఆగస్టు దాకా గడువుంది. ఫ్లెక్సీ గురించి మీరు పంపిన ఆ సందేశాన్ని మాత్రం తుడిచేయకండి. అవతలి ఫోనులో అది భద్రంగా ఉంటుంది, మీ ఫోనులో లేకపోతే మీ మిగతా సాక్ష్యం మీద కూడా నమ్మకం పోతుంది.

ఇక కాలపరిమితి. డబ్బు ఎప్పుడివ్వాలో గడువు పెట్టుకోనప్పుడు, చేసిన పనికి రావలసిన సొమ్ము కోసం పని జరిగిన రోజు నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. మూడు ప్రోగ్రాములకూ వేర్వేరుగా లెక్క నడుస్తుంది. కోటప్పకొండ బాకీకి 2026 ఫిబ్రవరి 18తో మూడేళ్లు నిండిపోయాయి. వినాయక పందిరి బాకీకి 2026 సెప్టెంబర్ 20 ఆఖరి రోజు. గడువు దాటిన దావాను, అవతలి పక్షం ఆ మాట ఎత్తకపోయినా, కోర్టు తనంతట తానే కొట్టివేయాలని కాలపరిమితి చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. ‘పండగ వెళ్లాక చూద్దాం’ అన్న మాట నమ్మి మీరు మూడు సంక్రాంతులు దాటించారు. లాయరు నోటీసు ఇచ్చినా గడువు ఆగదు, ఈ పొరపాటు వల్ల న్యాయమైన బాకీలు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

కోటప్పకొండ సొమ్ముకు ఒక దారి మిగిలింది. 2023 అక్టోబర్‌లో నిర్వాహకుడు ‘శివరాత్రి బాకీ కూడా కలిపి సంక్రాంతికి ఇస్తా’ అని రాశాడు. గడువు లోపల బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చిన రాత ఉంటే ఆ రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి (కాలపరిమితి చట్టం 18వ సెక్షన్). వాట్సాప్ సందేశాన్ని సంతకమున్న రాతగా తీసుకోవాలా అన్నదాని మీద వాదన తప్పదు, గెలుపు ఖాయమని చెప్పను. అయినా సెప్టెంబర్ 20 లోపు వేసే దావాలోనే ఈ 25 వేలూ కలిపి అడగండి, గడువు ఎందుకు మిగిలి ఉందో దావా పత్రంలోనే రాయించండి. ఆ వాక్యం లేకపోతే మొదటి మెట్టు మీదే తిరస్కరించవచ్చు.

మీ స్నేహితుడి స్టాంపు కాగితం సంగతి. దాని జోలికి వెళ్లవద్దు. స్టాంపు కాగితం వెనుక అమ్మినవారి పేరు, వరుస సంఖ్య, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి, అవే వివరాలు విక్రేత రిజిస్టరులోనూ ఉంటాయి. ఆ రిజిస్టరును కోర్టుకు తెప్పించడం పెద్ద పనేమీ కాదు. నిర్వాహకుడి సంతకం మీరే పెట్టినా, మీ స్నేహితుడు పెట్టినా అది ఫోర్జరీ. అలాంటి కాగితాన్ని అసలుదని కోర్టులో దాఖలు చేసినవాడికీ ఫోర్జరీ చేసినవాడికి పడే శిక్షే పడుతుంది. 75 వేల నిజమైన బాకీ కోసం వెళ్లి మీరు ముద్దాయిగా నిలబడతారు. నిర్వాహకుడు దారికి వస్తే, ఈ రోజు తేదీతోనే, పాత బాకీ ఫలానా తేదీకి ఇస్తానని రాసి సంతకం చేయమనండి. గడువు దాటిన బాకీకి కూడా అలాంటి రాత చెల్లుతుందని ఒప్పంద చట్టం 25(3) చెబుతోంది.

వెంటనే చేయవలసింది సాక్ష్యం కాపాడుకోవడం. ఆ ఫోనును అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు మాత్రమే ఇస్తే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, అందులో మీరు నింపే భాగం, నిపుణుడు నింపే భాగం వేర్వేరుగా ఉంటాయి. అడ్వాన్సులు ఫోన్‌పేలో వచ్చాయన్నారు కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. మీకు మేకప్ వేసినవారు, ఆ రాత్రి కీబోర్డు వాయించినవారు సాక్షులుగా వస్తారేమో కనుక్కోండి. అన్నిటికంటే విలువైనది ఉత్సవ కమిటీ ఖర్చుల పుస్తకం. మీ ప్రదర్శన పేరున నిర్వాహకుడికి డబ్బు ముట్టినట్టు అందులో పద్దు ఉంటే, దాని నకలు మీద కమిటీ పెద్దలతో సంతకం చేయించుకోండి.

ఆ తరువాత ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువివ్వండి. గుంటూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకుంటే దావాకు ముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారు. అక్కడ ఇచ్చే అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఆదాయ పరిమితికి లోబడితే ఉచితంగా న్యాయవాదిని కూడా ఇస్తారు. అయితే రాజీ మాటలు నడుస్తున్నాయని తేదీ మరచిపోకండి. ఆగస్టు మొదటి వారానికల్లా తేలకపోతే, ప్రతివాది ఉండేది విజయవాడలో కాబట్టి అక్కడి సివిల్ కోర్టులో రెండు బాకీలకూ కలిపి ఒకే దావా వేయించండి.

ఇకముందు ఏ ప్రోగ్రామ్ ఒప్పుకున్నా, అడ్వాన్స్ తీసుకునే ముందే ‘నేను ఫలానా హీరో పోలికలతో ప్రదర్శన ఇచ్చే కళాకారుడిని, ప్రచారంలో ఆ సంగతి స్పష్టంగా ఉండాలి, మిగతా సొమ్ము ప్రోగ్రామ్ రోజునే ఇవ్వాలి’ అని సందేశం పంపి, ‘సరే’ అన్న జవాబు వచ్చాకే బయలుదేరండి.