రైలింజన్ల పిచ్చి ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఈఈఈ డిప్లొమా రెండో సంవత్సరం. ఇరవై నాలుగు గంటలూ రైలింజన్ల గోలే. డబ్ల్యూఏపీ-7 గొప్పదా, డబ్ల్యూఏపీ-5 గొప్పదా అని స్నేహితులతో వాదిస్తుంటాడు. ఈ పిచ్చి దేనికైనా పనికొస్తుందా? – ఒక తండ్రి, కాజీపేట

జవాబు: పనికొస్తుందండీ. కాకపోతే వాదన మాని లెక్కలోకి దిగాలి. ప్రయాణికుల బండ్లు లాగే ఆ రెండు కరెంటు ఇంజన్లనే తీసుకుందాం.

డబ్ల్యూఏపీ-7కి 6 ఇరుసులు, 123 టన్నుల బరువు, 6,350 హార్స్‌పవర్. డబ్ల్యూఏపీ-5కి 4 ఇరుసులు, 78 టన్నులు, 6,000 హార్స్‌పవర్. టన్నుకు ఎన్ని హార్స్‌పవరో చూస్తే డబ్ల్యూఏపీ-5కి 77, డబ్ల్యూఏపీ-7కి 52. చాలామంది ఇక్కడే ఆగి 5 గెలిచిందంటారు. కానీ ఆగి ఉన్న బండిని కదిలించాలంటే ముందు చక్రానికి పట్టాల మీద పట్టు దొరకాలి. 7 మొదట్లో 322.6 కిలోన్యూటన్ల బలంతో లాగుతుంది. దాన్ని ఇంజన్ బరువుతో, అంటే 123 × 9.81 (భూమి ఆకర్షణ)తో భాగిస్తే 0.27 వస్తుంది. 5 లాగేది 258, భాగిస్తే 0.34. అంటే 5 తన పూర్తి బలం చూపాలంటే బరువులో మూడో వంతు పైనే పట్టు కావాలి. తొలకరి జల్లుకు పట్టాల మీది దుమ్మూ నూనే కలిసి జిగటైనప్పుడు అంత పట్టు దొరకదు. చక్రం జారుతుంది, కంట్రోల్ ఎలక్ట్రానిక్స్ వెంటనే బలం తగ్గిస్తుంది, పట్టు కోసం పట్టాల మీద ఇసుక వదలాల్సి వస్తుంది. 24 పెట్టెల బరువైన బండికి 7 నప్పేది అందుకే.

అదే 100 కి.మీ. వేగం దగ్గర చూడమనండి. హార్స్‌పవర్‌ని 0.746తో గుణించి, వచ్చిన కిలోవాట్లను 27.8తో (100 కి.మీ. వేగమంటే సెకనుకు 27.8 మీటర్లు) భాగిస్తే లాగే బలం తెలుస్తుంది: 7కి 170, 5కి 161 కిలోన్యూటన్లు. కదిలేటప్పుడు 65 ఉన్న తేడా ఇక్కడ 9కి దిగిపోయింది! పాత డబ్ల్యూఏపీ-4ది 5,060 హార్స్‌పవరే కాబట్టి 136 దాటదు.

ఇప్పుడు 7 వెనక 1,300 టన్నుల బండి పెట్టి, 100 మీటర్లకు 1 మీటరు లేచే ఎగువ ఎక్కించండి. ఇంజన్‌తో కలిపి ఆ బరువును పైకి లాగడానికే 140 కిలోన్యూటన్లు పోతాయి. మిగిలే 30 గాలికీ రాపిడికీ చాలదు, వేగం పడిపోతుంది. ఎక్కడికి పడి నిలుస్తుందో కనుక్కోవడమే మీవాడి ప్రాజెక్టు కావాలి. మూడు ఇంజన్లు, ఒకే బరువు, 0 నుంచి 140 కి.మీ. దాకా గ్రాఫు. బరువు మార్చి పోల్చాడంటే ఆ గ్రాఫుకు విలువుండదు. గేర్ నిష్పత్తి కూడా రాయాలి: డబ్ల్యూఏజీ-9 గూడ్స్ ఇంజన్‌లో గేర్లు మార్చే 7ని తయారుచేశారు.

ఈ గ్రాఫు గీయగలిగినవాడికి ట్రాక్షన్ మోటార్లు (చక్రాలు తిప్పేవి), కన్వర్టర్లు (వాటికి కావాల్సినట్టు కరెంటు మార్చి ఇచ్చేవి) చదవడం బరువనిపించదు. రైల్వేలో జూనియర్ ఇంజనీర్ ఎలక్ట్రికల్ పోస్టుకు డిప్లొమా సరిపోతుంది. కాజీపేట, లాలాగూడ, విజయవాడ, విశాఖల్లో ఎలక్ట్రిక్ లోకో షెడ్లున్నాయి. ఇంజన్లను నడిపించే ప్రొపల్షన్ పరికరాలు చేసే మేధా సర్వో డ్రైవ్స్ హైదరాబాద్‌లోనే ఉంది.

ఇంజన్ నడపాలనే కోరికుంటే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకూ ఈ డిప్లొమాతో వెళ్లొచ్చు. అందులో ఆప్టిట్యూడ్ టెస్టులో ఒక్కో విభాగంలో 42 టీ-స్కోర్ (అందరి మార్కులతో పోల్చి లెక్కగట్టే స్కోరు) రావాలి. చాలామంది ఆగిపోయేది మాత్రం మెడికల్‌లో. అద్దాల్లేకుండా రెండు కళ్లకూ 6/6 ఉండాలి, రంగులు తేడా లేకుండా కనబడాలి, అద్దాలు పోగొట్టే లేసిక్ ఆపరేషన్ చేయించుకున్నా తీసుకోరు. కోచింగ్ ఫీజు కట్టకముందే ఈ వారంలో కంటి డాక్టరుకు చూపించండి.