పాత బేస్‌బాల్ కాగితాలకు ధర ఎందుకు?

పంతొమ్మిదవ శతాబ్దపు బేస్‌బాల్ పుస్తకాలకు, పత్రాలకు ధర వచ్చేది వయసును బట్టి కాదు; ఆట చరిత్రలో ఏ ప్రశ్నకు జవాబు చెబుతాయో, ఎన్ని ప్రతులు మిగిలాయో చూసి.

ఆ రోజుల్లో నియమావళులు, స్కోరు పుస్తకాలు వాడి పారేసే సరుకు. చవక కాగితం, పలచని అట్ట. వాటిని భద్రపరచాలని ఎవరికీ తోచలేదు. అందుకే ఆట ఎలా రూపుదిద్దుకుందో చూపే ఒక్క కాగితం మిగిలినా అది అపురూపమే.

1857లో న్యూయార్క్ క్లబ్బుల సమావేశానికి అధ్యక్షత వహించిన డేనియల్ ఆడమ్స్ స్వహస్తంతో రాసిన నియమాలే చూడండి. జట్టుకు తొమ్మిది మంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, బేస్‌ల (పరుగు తీసే ఆటగాడు చేరాల్సిన స్థానాల) మధ్య 90 అడుగులు: నేటికీ నిలిచిన ఈ లెక్కలు ఆ రాతప్రతుల్లో ఉన్నాయి. 1999లో సుమారు 12 వేల డాలర్లకు అమ్ముడైన ఆ పత్రాలే, వాటి ప్రాముఖ్యం తెలిశాక 2016 వేలంలో 32 లక్షల డాలర్లు దాటాయి. కాగితం అదే, సిరా అదే. మారింది మన అవగాహన!

పాతదైతే చాలు విలువైనదేనన్నది చాలామంది అపోహ. 1890ల నాటిదైనా, వేలల్లో అచ్చయిన వార్షిక సంచికకు ఈ స్థాయి ధర రాదు. పైగా పత్రం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియాలి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోని స్పాల్డింగ్ సేకరణ (తొలితరం బేస్‌బాల్ ఆటగాడు ఆల్బర్ట్ స్పాల్డింగ్ పేరిట ఉన్న బేస్‌బాల్ పత్రాల నిధి) నుంచి ఎన్నో వస్తువులు మాయమయ్యాయి కనుక, గ్రంథాలయ ముద్ర చెరిపిన గుర్తు కనిపిస్తే కొనకపోవడమే సరైనది.