ఐదో గ్రేడు, ఏడో లెవెల్: ఎవరు ముందున్నట్లు?

ప్రశ్న: మా అమ్మాయి బ్రిటన్ సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎం పెట్టే పియానో పరీక్షల్లో ఐదో గ్రేడు పూర్తిచేసింది. టొరాంటోలో ఉన్న మా ఆడపడుచు కూతురు అక్కడి పరీక్షల్లో ఏడో లెవెల్ అట. మా పిల్ల వెనుకబడినట్లేనా? అసలు ఈ గ్రేడ్ల వల్ల ప్రయోజనముందా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అంకెలు చూసి బెంగపడకండి. బ్రిటన్ పద్ధతిలో ఎనిమిది గ్రేడ్లు, ఆపైన డిప్లొమాలు ఉండగా, కెనడా రాయల్ కన్జర్వేటరీ పద్ధతిలో పది లెవెళ్లు ఉన్నందున, అక్కడి ఏడుకూ మీ అమ్మాయి ఐదుకూ పెద్ద తేడా ఉండదు. అమెరికాలోనైతే దేశమంతటికీ ఒకే పద్ధతి లేదు.

ప్రయోజనం మాటకొస్తే, ఆరు నుంచి ఎనిమిది వరకు గ్రేడ్లకు బ్రిటన్ విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో కొన్ని పాయింట్లు లభిస్తాయి. అయితే ఆరో గ్రేడు ప్రాక్టికల్‌కు వెళ్లేముందు సాధారణంగా ఐదో గ్రేడు థియరీ (సంగీత సిద్ధాంత పరీక్ష) పూర్తికావాలి. ముఖాముఖి పరీక్షలో 150 మార్కులకు మూడు రచనలవి 90 మాత్రమే, తక్కినవి స్కేళ్లకు (స్వరాల ఆరోహణ, అవరోహణలకు), అప్పటికప్పుడు నొటేషన్ (స్వరలిపి) చూసి వాయించడానికి, విని గుర్తించడానికి. ఏడాదంతా ఆ మూడు రచనలనే రుద్దించే గురువులు మన కోనసీమలోనూ లేకపోలేదు. ఆదివారం చర్చిలో ఎన్నడూ వాయించని కీర్తన నొటేషన్‌ను మీ అమ్మాయి ముందుంచి చూడండి; తడబడినా ఆగకుండా చివరిదాకా వాయించగలిగితే ఆ ఐదో గ్రేడు గట్టిదే.