టెక్ సందేహాలు: రార్‌ను జిప్ చేయడానికి వెబ్‌సైటు ఎందుకు?

ప్రశ్న: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. నాకు ముందున్నాయన బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ రార్ ఫైలుగా పెట్టి వెళ్లాడు. ఒంగోలులో ఆడిటర్ గారు జిప్‌లో పంపమంటున్నారు. పేరు చివర రార్ తీసేసి జిప్ అని రాసి పంపాను, తెరుచుకోలేదట. ఉచితంగా మార్చిపెట్టే మంచి సైటు చెప్పండి.

జవాబు: సైటు చెప్పను. ఈ నెలలో ఇదే ప్రశ్న రావడం నాలుగోసారి. నలుగురూ సైటే అడిగారు.

రార్, జిప్ రెండూ చాలా ఫైళ్లను ఒకే మూటగా కట్టే వేర్వేరు పద్ధతులు. కొత్త బియ్యం బస్తా మీద మొలగొలుకులని రాస్తే లోపలి బియ్యం మారిపోవు. మీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. జిప్ అయితే మొట్టమొదట ‘పీకే’ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. 1989లో ఆ పద్ధతిని తెచ్చిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. రార్ అయితే ‘రార్’ అనే ఉంటుంది. ఇంకో తిరకాసు ఏమిటంటే, విండోస్ మామూలుగా ఫైలు పేరులో చివరి ముక్కను దాచేస్తుంది. మీరు జిప్ అని రాసినా వెనకాల రార్ అలాగే ఉండిపోయి ఉండొచ్చు. ఈ దాపరికం ఎవరి మేలు కోసం పెట్టారో నాకు ఇన్నేళ్లయినా అర్థం కాలేదు. ఇన్‌వాయిస్ పీడీఎఫ్ అనుకుని జనం నొక్కేది నిజానికి ఒక ప్రోగ్రాం కావడానికి దారి ఇచ్చింది ఇదే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర ఈ రోజే టిక్ పెట్టండి.

ఇక మార్చడమంటే మూట విప్పి మళ్లీ కట్టడమే. సెవెన్ జిప్ అనే ప్రోగ్రాం ఉచితం. రైట్ క్లిక్ చేసి విప్పండి, వచ్చిన ఫోల్డర్‌ను జిప్‌గా కట్టండి. రెండు నిమిషాల పని, నెట్ కూడా అక్కర్లేదు.

ఈ రెండు నిమిషాలకు బద్ధకించి ఫ్యాక్టరీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, సంతకాలున్న బిల్లులు ఊరూ పేరూ లేని సైటుకు ఎక్కిస్తారా? ఉచిత కన్వర్టర్ల గురించి అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది. అలాంటి కొన్ని అడిగిన ఫైలు ఇస్తూనే అందులో వైరస్ పెట్టి పంపుతున్నాయి, ఎక్కించిన వాటిలోంచి ఖాతా వివరాలు, పాస్‌వర్డులు ఏరుకుంటున్నాయి. పని జరిగిపోతుంది కాబట్టి మనకు అనుమానమే రాదు.

నెట్ సెంటర్‌లో చేయించుకోవడమూ ఇలాంటిదే. నెల్లూరు ట్రంకురోడ్డులో ఒక సెంటర్‌లో ప్రింటు కోసం కూర్చున్నప్పుడు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి ఉంది. ఎవరెవరివో ఆధార్‌లు, పాన్ కార్డులు, ఒకమ్మాయి టెన్త్ మార్కుల మెమో వరసగా కనిపించాయి. ఓనర్ మంచివాడే. కానీ తుడిచేయాలన్న ఆలోచన ఆయనకూ లేదు, ఇచ్చినవాళ్లకూ లేదు. నాకు మటుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

విప్పే ప్రోగ్రాం కూడా పాతది వద్దు. 2023లో పేరున్న ఒకదానిలో లోపం బయటపడింది. మూటలో ఉన్న బొమ్మ మీద నొక్కితే వెనక దొంగ ప్రోగ్రాం నడిచేది. సరిచేసేలోపు కొన్ని నెలలు దాన్ని వాడుకున్నారు. సెవెన్ జిప్ దానంతటదే అప్‌డేట్ కాదు, కొత్తది వచ్చిందేమో మీరే చూసుకోవాలి.

రార్‌కు పాస్‌వర్డ్ ఉంటే అది జిప్‌కు రాదు, కొత్తగా పెట్టాలి. సెవెన్ జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టే చోట జిప్‌క్రిప్టో అనే పాత తాళం పద్ధతి ముందే ఎంపికై ఉంటుంది. దాన్ని ఛేదించే దారి 1994 నాటికే తెలిసిపోయింది, ఏఈఎస్-256 అనే గట్టి పద్ధతికి మార్చండి. అలా కట్టినది తెరవడానికి ఆడిటర్ గారి దగ్గరా సెవెన్ జిప్ ఉంటే మంచిది. పాస్‌వర్డ్ పెట్టినా జిప్ లోపలి ఫైళ్ల పేర్లు అందరికీ కనిపిస్తాయి కాబట్టి, పేర్లలో ఖాతా నంబర్లు ఉంటే ముందే తీసేయండి. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాయకుండా ఫోన్ చేసి చెప్పండి.

ఇప్పటికే ఏదైనా సైటుకు ఎక్కించి ఉంటే మీ ఓనర్‌కు చెప్పి, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ వెంటనే మార్పించండి. అక్కడి నుంచి వచ్చిన ఫైలును తెరవకుండా తుడిచేయండి.